లేరని రాయలేక

పోయిన భాగంలో, ఇన్‌కంటాక్స్ ఆఫీసరు ముందు హాజరు కమ్మన్న తాఖీదు చేతికందిన అనసూయను గడపలోనే నిలబెట్టి వచ్చాం. అందులో ఉన్నది చూడబోతే చిన్న సంగతే. ప్రొద్దుటూరు బట్టల వర్తకుడు పద్మనాభయ్య శెట్టి, తన మీద ఆధారపడి బతుకుతున్న బిడ్డ ఒకతె ఉందనీ, ఆమె పేరు అనసూయ అనీ ఆదాయపు పన్ను కాగితాల్లో చెబుతూ వస్తున్నాడు. పిల్లలున్నవాళ్ళకు పన్నులో కాస్త మినహాయింపు ఇచ్చే పద్ధతి వచ్చిన నాటి నుంచీ ఏటా అదే మాట. ఆ మధ్య ఇనస్పెక్టరు దుకాణం చూసి ఇంటికి కూడా వచ్చి, "మీ అమ్మాయి ఎక్కడమ్మా?" అని అడిగాడు. శెట్టి భార్య సుశీలమ్మకు కల్లాకపటం తెలియదు. "ఈడ ల్యాదు సామీ, జమ్మలమడుగులో ఉంటాది, బట్టలు కుట్టుకుంటాది" అని ఉన్నమాట చెప్పేసింది. దాంతో తండ్రికీ కూతురికీ ఇద్దరికీ పిలుపు వచ్చింది.

తండ్రీ కూతుళ్ళు మొహాలు చూసుకుని నాలుగేళ్ళయింది. పులివెందులలో నూనె మిల్లు ఉన్న మురళీమోహన్‌కు అనసూయను ఇచ్చారు. ఒకనాడు మిల్లులో, కూలివాళ్ళందరూ చూస్తుండగా, అతను ఆమె మీద చెయ్యి చేసుకున్నాడు. రెండోసారి కోసం ఆమె ఎదురు చూడలేదు. పుట్టింటికి వచ్చేసింది. మర్నాడు పొద్దున్నే పద్మనాభయ్య, "సర్దుకోని పోవల్ల" అని ఆమెను పులివెందుల బస్సు ఎక్కించాడు. ఆ బస్సు జమ్మలమడుగు మీదుగా పోతుంది. అనసూయ జమ్మలమడుగులో దిగిపోయింది. అంతే, అటు పులివెందులకు పోలేదు, ఇటు ప్రొద్దుటూరికీ రాలేదు. జైబున్నీసా అనే దర్జీ భార్య, భర్త పోయినామె, తన ఇంట్లో ఒక గది ఇచ్చింది. అప్పటి నుంచీ కుట్టుమిషనే అనసూయకు దిక్కు.

సోమవారం పొద్దున ఆమె ప్రొద్దుటూరులో బస్సు దిగి ట్రావెలర్స్ బంగళా దగ్గరికి నడిచింది. ఇన్‌కంటాక్స్ ఆఫీసరు అక్కడే మకాం వేసి ఉన్నాడు. వరండా నిండా వర్తకులు. బంగారు అంగళ్ళ వాళ్ళు, పత్తి వ్యాపారులు, ఎర్రగుడ్డలో చుట్టిన లెక్కల పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని పెండ్లికి వచ్చినంత మర్యాదగా కూర్చుని ఉన్నారు. ఒక బెంచీ చివర పద్మనాభయ్య కనిపించాడు. పంచె మీద నల్లకోటు వేసుకున్నాడు. ఆ కోటు ఇప్పుడు ఆయనకు వదులైంది. పక్కనే గుమాస్తా గణపతి నిలబడి ఉన్నాడు.

కూతుర్ని చూసి పద్మనాభయ్య కాస్త పక్కకు జరిగాడు. ఆమె కూర్చోలేదు.

"బస్సులో వచ్చినావా?" అన్నాడు.

"ఆ."

"ఖాళీ దొరికిందా?"

"దొరికింది."

కాళ్ళ దగ్గర పెట్టుకున్న టిఫిను క్యారియరును కొంచెం ఇటు జరిపి, మళ్ళీ అటు జరిపాడు. ఇంతలో బంట్రోతు పిలిచాడు.

ఆఫీసరు పేరు సీతాపతి. కోస్తా వైపు మనిషి. మాట మెత్తన. ఈ సీమ మాట చెవికి ఇంకా పూర్తిగా పట్టుబడలేదని ఆయన తల కొంచెం వంచి వినడంలోనే తెలుస్తోంది.

"కూర్చోండమ్మా."

"పర్వాల్యా సార్, నిలబడతా."

"మీరు కూర్చుంటే నాకు రాసుకోవడం సుఖం."

అనసూయ కూర్చుంది. తండ్రి రెండో కుర్చీలో కూర్చున్నాడు. మధ్యలో ఒక మూర దూరం ఉంది. గణపతి తలుపు దగ్గరే నిలిచిపోయాడు.

ఆఫీసరు వయసు అడిగాడు, పెళ్ళి సంగతి అడిగాడు. ఆమె చెప్పింది.

"మీ భర్త మిమ్మల్ని పోషిస్తున్నారా?"

"ల్యాదు సార్."

"మీ తండ్రిగారు?"

ఈ ప్రశ్న వస్తుందని అనసూయకు తెలుసు. బస్సులో దారి పొడుగునా దీని గురించే ఆలోచించింది. అవునంటే తండ్రికి చిక్కు తప్పుతుంది. కానీ పులివెందుల పెద్దమనుషులు ఆనాడే అన్నారు: "తండ్రి కూడు తింటాంది. ఆయనకు విసుగు పుడితే తానే వస్తాది." ఆ మాట జమ్మలమడుగు దాకా వచ్చింది. నాలుగేళ్ళుగా తొక్కుతున్న మిషనే ఆ మాటకు ఆమె చెబుతున్న జవాబు. ఇప్పుడు తన నోటితో తానే అవునని రాయిస్తే ఇన్నాళ్ళ బతుకు వాళ్ళు చెప్పినట్టే అయిపోతుంది. కాదంటే? గుడ్డ కొలిచేటప్పుడు గజం బద్ద అవతలికి ఒక వేలు ఎక్కువే వదిలే మనిషి, సర్కారు కాగితాల్లో అబద్ధాలకోరుగా మిగిలిపోతాడు.

"నా తిండి నేనే సంపాదించుకుంటాండా సార్," అంది చివరికి. "మిషన్ ఆస్పత్రికి దుప్పట్లు, దిండు గలీబులు కుడతా. నర్సమ్మలకు గౌన్లు కుడతా. ఊర్లో వాళ్ళకు రవికలు. ఇంటికి బాడిగ కడతా, మిషనుకూ బాడిగ కడతా. ఎవురి దగ్గరా చెయ్యి చాపల్యా."

ఆఫీసరు రాసుకున్నాడు. తరువాత పద్మనాభయ్య వైపు తిరిగాడు.

"శెట్టిగారూ, మీ అమ్మాయి చెప్పింది విన్నారా?"

"విన్నా సార్. అది చెప్పింది నిజమే."

"మరి మీరు రాసింది?"

"అదీ నిజమే."

ఆఫీసరు కలం కింద పెట్టాడు. "రెండూ ఎలా నిజమవుతాయండీ? పూర్తిగా గానీ, ముఖ్యంగా గానీ మీ మీదే ఆధారపడి ఉండాలి. చట్టంలో ఉన్న మాట అది. ఆమె తన కాళ్ళ మీద తాను నిలబడ్డానంటోంది."

పద్మనాభయ్య బల్ల అంచు వైపు చూస్తూ, "ఆ కుట్టుమిషను ఎవురిదో అడగండి సార్," అన్నాడు.

"బూబమ్మది," అంది అనసూయ. ఊళ్ళో అందరూ జైబున్నీసాను అట్లాగే పిలుస్తారు. "వాళ్ళాయన వాడినదంట. నాకు బాడిగకిచ్చింది."

"వాళ్ళాయన మిషను ఆయన పోకముందే అమ్మేసినారు. ఇది నేను కొని పంపిచ్చింది. గణపతే తీసకపోయి దించి వచ్చినాడు. కొత్తదని తెలిస్తే నీకు అనుమానం వస్తాదని, సంతలో పాతది వెతికి కొన్నాం."

అనసూయ తండ్రి వైపు తిరిగి చూసింది. ఆ గదిలోకి వచ్చాక ఆమె ఆయన మొహం చూడడం అదే మొదలు.

"ఆ వీథిలో ఆ బాడిగకు పశువుల కొట్టం గూడా దొరకదు," అన్నాడు ఆయన అదే గొంతుతో. "మిగతాది నేను పంపిస్తాంటి. మొదటి దినాల్లో బియ్యం, జొన్నలు, నూనె. ఆమె తన ఇంట్లోవి అని చెప్పి నీకు పెడతాండె. నేనే చెప్పొద్దన్నా. నా పేరు చెప్తే నువ్వు ముట్టవు."

అనసూయకు జమ్మలమడుగులో దిగిన నాటి మొదటి వారాలు కళ్ళ ముందు కదిలాయి. "మా ఇంట్లో బియ్యం పురుగు పట్టిపోతాండాయి, నువ్వన్నా తిను బేటీ" అంటూ జైబున్నీసా చేటతో తెచ్చి పోసేది. ఆ బియ్యంలో ఒక్క పురుగు కూడా ఎన్నడూ కనిపించలేదు. తన అదృష్టం కొద్దీ మంచి మనిషి నీడ దొరికిందనుకుంది. మంచి మనిషే, అందులో అబద్ధం లేదు. కానీ ఆ నీడ వెనక ఇంకొకరు నిలబడి ఉన్నారని ఆమె ఏనాడూ అనుకోలేదు. ఇప్పుడు తనకు కలిగింది కోపమో, సిగ్గో, ఇంకేమన్నానో ఆమెకే అంతుపట్టలేదు.

"ఇప్పటికీ పంపుతున్నారా?" ఆఫీసరు అడిగాడు.

"నెలనెలా మా గణపతి తీసకపోతానే ఉండాడు సార్."

"ఎవరికి ఇస్తున్నాడు?"

"ఇయ్యాల్సిన వాళ్ళకే ఇస్తాండాడు."

తలుపు దగ్గర గణపతి దగ్గి, భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. ఆఫీసరు ఆ వైపు ఒకసారి చూసి, మళ్ళీ కాగితం మీదికి వంగాడు. "సరే. ఆ జైబున్నీసా గారు వచ్చి ఈ మాట చెప్పాలి. శుక్రవారం తీసుకురండి. ఇంకొకటి. పద్ధతి ప్రకారం పులివెందులలో మీ అల్లుడిగారిని కూడా అడగమని ఇనస్పెక్టరును పంపాం. అక్కడి నుంచి ఇంకా జవాబు రాలేదు."

పద్మనాభయ్య తలెత్తాడు. "ఆయన్ని అడగాల్సిన పనేముంది సార్?"

"పెళ్ళయిన అమ్మాయి కదండీ. భర్త పోషిస్తున్నాడో లేదో తేలకుండా తండ్రి పోషిస్తున్నాడని ఎట్లా రాయను?" ఆఫీసరు కుర్చీలో వెనక్కు వాలాడు. ఆయన గొంతు ఇంకా మెత్తబడింది. "శెట్టిగారూ, ఆఫీసరుగా కాదు, ఊరికే అడుగుతున్నాను. ఈ మినహాయింపు వల్ల మీకు మిగిలేది ఏపాటి? మీ అంగట్లో ఒక మంచి పంచె కూడా రాదు. దీనికోసం కన్నకూతురితో కలిసి ఈ గదిలోకి రావడం అవసరమా?"

"పన్ను కోసం కాదు సార్," అన్నాడు పద్మనాభయ్య. "మొదటిసారి ఆ కాగితం నింపేటప్పుడు మా వకీలు గుమాస్తా అడిగినాడు. నీ మీద ఆధారపడిన పిల్లలు ఉండారా ల్యారా అని. నాకుండేది ఇదొక్కతే. ఉందని రాయకపోతే, ల్యారు అని రాయల్ల. కలం పట్టుకోని శానాసేపు కూచున్నా. ల్యారని రాయడానికి చెయ్యి రాల్యా."

బయట వరండాలో వర్తకులు ఏదో మాటకు నవ్వుకుంటున్నారు.

"నన్ను బస్సెక్కిచ్చేటప్పుడు చెయ్యి వచ్చింది కదా నాయనా," అంది అనసూయ. గొంతు పెంచలేదు. పొద్దు ఎంతయిందని అడిగినట్టే అడిగింది.

"వచ్చింది." ఆయన తప్పించుకోవాలని చూడలేదు. "టికెట్టు గూడా నేనే తీసిస్తి. దానికే ఇదంతా."

ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మా, శుక్రవారం నాడు నేను మిమ్మల్ని మళ్ళీ ఇదే అడుగుతాను. మీరు చెప్పిందే రాస్తాను. ఆలోచించుకోండి."

"నాకు తెలిసింది చెప్పినా సార్. కానీ నాకు తెలిసింది ఎంతో ఇప్పుడు నాకే తెలియకుండా పోయింది. అడిగి తెలుసుకోని వచ్చి చెప్తా," అని ఆమె లేచింది.

వరండాలోకి వచ్చాక పద్మనాభయ్య క్యారియరు చేతిలోకి తీసుకున్నాడు. ఎట్లా ఇవ్వాలో తెలియక గణపతి చేతికి ఇవ్వబోయి, మళ్ళీ తానే ముందుకు చాపాడు. "ఓళిగలు. మీయమ్మ పంపిచ్చింది. పొద్దున్నే లేచి పూర్ణం రుబ్బి చేసింది."

"మిషను దుడ్లు కట్టేస్తా నాయనా. బియ్యానివి గూడా."

"మిషను సంగతి బూబమ్మను అడుగు. బియ్యానివి కట్టు," అన్నాడాయన. "నేను వద్దనను. నువ్వు కడతావని నాకు తెలుసు. ఓళిగలకు మాత్రం లెక్క కట్టొద్దు, మీయమ్మ ఏడుస్తాది."

అనసూయ క్యారియరు అందుకుంది. తల ఊపి మెట్లు దిగింది.

జమ్మలమడుగు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. జైబున్నీసా పెరట్లో చాప మీద చింతపండు పరిచి పిక్కలు తీస్తోంది. వయసు అరవైకి దగ్గర పడినా చేతివేళ్ళు చకచకా ఆడుతున్నాయి. అనసూయ క్యారియరు గట్టు మీద పెట్టి, కాళ్ళు కడుక్కుని, చాప పక్కన కూర్చుంది. తానూ రెండు పిక్కలు తీసింది.

"బూబమ్మా, మిషను ఎవురిది?"

జైబున్నీసా చేతులు ఆగాయి. అనసూయ మొహం చూసి ఆమెకు అంతా అర్థమైంది. "చెప్పేసినాడా మీ నాయన?"

"ఆఫీసరు ముందర చెప్పినాడు."

"అల్లా. నాతో మాత్రం ఒట్టు పెట్టించుకున్నాడు గదా. చెప్తే బిడ్డ అన్నం మానేస్తాది బూబమ్మా అని, ఈ గట్టు మీదనే కూచోని చిన్నపిల్లోని మాదిరి ఏడ్చినాడు. నేనేం చేసేది?"

"నాయన ఈడికి వచ్చినాడా?"

"ఒక్కతూరి. నువ్వు ఆస్పత్రికి పోయినప్పుడు. నీ గది తలుపు తీసి చూసినాడు. చాప, చెంబు, నీ దుప్పటి. అంతే చూసినాడు, లోపలికి అడుగు పెట్టల్యా."

అనసూయ ఇంకో పిక్క తీసి పక్కన పెట్టింది. "అయితే ఇన్నాళ్ళూ నేను తిన్నది నాయన కూడే."

"కాదు," అంది జైబున్నీసా గట్టిగా. "యాడ తిన్నావు? మొదట్లో తిన్నావు, అవును. నీకు ఆస్పత్రి పని దొరికినంక నేనే వద్దన్నా. గణపతి వస్తే వాకిట్లోనే నిలబెట్టి చెప్పినా. బేటీ నిలబడింది, ఇంగ బియ్యం వద్దు, బాడిగ దుడ్లూ వద్దు, శెట్టికి చెప్పు అని తిరిగి పంపించినా. నీ బాడిగ గూడా అప్పుడు పెంచినా కదా, నువ్వు మొహం ముడుచుకుంటివే, జ్ఞాపకం ఉందా?"

"ఉంది."

"ఇంగ మిషనా. నువ్వు మిషనుకని నాకు ఇచ్చిన బాడిగ ఒక్క పైసా నేను ముట్టల్యా. అంతా మీ నాయనకే మనియార్డరు చేస్తాంటి. వద్దు వద్దు అన్నాడు. తీసుకోకపోతే బేటీకి చెప్పేస్తా అన్నా. తీసుకున్నాడు. దాని ఖరీదు తీరి ఏడాది దాటింది. ఇప్పుడు నువ్వు ఇస్తాండేది ఆ ట్రంకు పెట్టెలో ఉంది, నీ కోసమే. మిషను నీదే. ఎవురి దయా కాదు."

అనసూయ ఎండలోంచి నీడలోకి వచ్చినట్టు ఒక్కసారి ఊపిరి తీసుకుంది. పొద్దున్నించి గుండెల మీద కూర్చున్న బరువు దిగింది. తన మాట అబద్ధం కాలేదు. తండ్రి దాచిపెట్టింది ఉంది, అయినా తన కష్టమూ ఉంది. ఒకదాన్ని ఒకటి కొట్టెయ్యవు. శుక్రవారం నాడు ఈ మాటే ఆఫీసరుకు చెప్పవచ్చుననుకుంది. అంతలోనే ఇంకో సంగతి తోచి చెయ్యి ఆగిపోయింది.

"మరి నెలనెలా గణపతి తీసకపోతానే ఉండాడు అన్నాడే నాయన. ఇప్పటికీ."

"ఈడికి రాల్యా. నమాజు చేసే నోటితో చెప్తాండా. రెండేండ్లయింది గణపతి ఈ గడప తొక్కి."

"నాయన ఆఫీసరు ముందర చెప్పినాడు బూబమ్మా. ఆయన అట్ల అబద్ధం చెప్పడు."

"అయితే గణపతి తింటాండాడేమో," అంది జైబున్నీసా. కానీ ఆ మాట మీద ఆమెకే నమ్మకం లేనట్టు తల ఆడించింది. ముప్పై ఏళ్ళుగా శెట్టి అంగట్లో గల్లాపెట్టె తాళం గణపతి మొలతాడుకే ఉంటుందని ఆమెకూ తెలుసు.

సందె వేళ అయింది. వాళ్ళు చింతపండు కుండలోకి ఎత్తి చాప దులుపుతుండగా వీథి తలుపు చప్పుడైంది. తీసి చూస్తే గణపతే. తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, చెమట కూడా తుడుచుకోకుండా నిలబడి ఉన్నాడు.

"రా గణపతీ," అంది అనసూయ. "నీ గురించే అనుకుంటాంటిమి. నాయన ఇచ్చే దుడ్లు నెలనెలా యాడికి తీసకపోతాండావు?"

గణపతి తడుముకోలేదు. అడుగుతుందని తెలిసే వచ్చినట్టున్నాడు. "పులివెందులకమ్మా. మీ అత్తమ్మకు."

"నాయనకు తెలుసునా?"

"ఆయనే పంపిస్తాండాడు. బూబమ్మ వద్దని తిప్పి పంపించిన నెలలోనే, మీ ఆయన కోర్టుకు పోతా, భార్యను నాకు అప్పగించమని దావా వేస్తా అని లేచినాడు. మీ అత్తమ్మ సరస్వతమ్మే ఆ సంగతి మాకు చెప్పి పంపించింది. ఆమెకు కొడుకు చేతిఖర్చుకు గూడా ఏమీ ఇయ్యడమ్మా. మందులకు గూడా అడుక్కోవల్ల. శెట్టి ఆలోచించినాడు. ఈ దుడ్లు ఆమెకు ఇయ్యి, కొడుకును కదలకుండా చూడమను అన్నాడు. అప్పటి నించీ అతను లేచినప్పుడల్లా ఆమె కూచోబెడతాంది. ఆ కోడలు వస్తే ఈ ఇంట్లో నేనుండను అంటాది, ఇంకోటి అంటాది. ఏదో ఒకటి చెప్పి ఆపుతాంది." గణపతి తువ్వాలు నలిపాడు. "అందుకే శెట్టి పొద్దున అట్ల చెప్పినాడు. ఇయ్యాల్సిన వాళ్ళకే ఇస్తాండానని. నీ కోసం పెట్టే ఖర్చే కదమ్మా అది."

అనసూయ గుంజకు ఆనుకుని నిలబడింది. ఈ రెండేళ్ళలో పులివెందుల నుంచి ఒక్కరూ రాలేదు. ఒక్క కబురూ రాలేదు. రాత్రిపూట మిషను మీద గుడ్డ కప్పి పడుకునేటప్పుడు, వాళ్ళు నన్ను మరిచిపోయినారు, నా గట్టితనం చూసి వెనక్కి తగ్గినారు అని ఎన్నిసార్లు అనుకుందో. ఆ ప్రశాంతత నెలనెలా కొనుక్కొస్తే వచ్చింది. తన అన్నం తాను సంపాదించుకుంది, నిజమే. తన నిద్రను మాత్రం ఇంకొకరు కాస్తూ వచ్చారు. దీన్ని ఆ ఆఫీసరు ఏ మాట కింద రాసుకుంటాడు?

"ఈ మాట చెప్పడానికి వచ్చినావా?" అంది.

"కాదమ్మా." గణపతి గొంతు తగ్గింది. "ఇనస్పెక్టరు పులివెందులకు పోయినాడు గదా. మిల్లులో అందరి ముందర అడిగినాడంట మీ ఆయన్ని. నీ భార్యను నువ్వు పోషిస్తాండావా, మీ మామ పోషిస్తాండాడా అని. కూలోళ్ళు విన్నారు. ఇంగ ఆయన్ని మీ అత్తమ్మ ఆపలేకపోయింది. శెట్టీ నేనూ బంగళా నించి ఇంటికి పోయేసరికి వసారాలో కూచోనుండాడు. మీయమ్మ ఆకు వేసి అన్నం పెడతాంది."

జైబున్నీసా చేతిలోని చాప కింద పెట్టింది.

"ఏమంటాడు?"

"అరవడంల్యా. నిమ్మళంగానే చెప్తాండాడు. శుక్రవారం నేనే ఆఫీసరు ముందర నిలబడతా, నా భార్య నా పోషణలోనే ఉందని రాయిస్తా, ఆడనించి అట్లే పులివెందులకు తోలకపోతా అంటాండాడు. శెట్టి నన్ను పెరటి దావన పంపించినాడు. రేపు పొద్దున మొదటి బస్సుకు నిన్ను కడపలో మీ చిన్నమ్మ ఇంటికి పొమ్మన్నాడు. శుక్రవారం నాడు శెట్టి ఒక్కడే పోతాడంట. నేను రాసింది తప్పు, నాకు అట్లాంటి బిడ్డ ఎవురూ ల్యారు అని చెప్పి, జరిమానా కట్టేస్తాడంట. అప్పుడు ఇంగ నిన్ను పిలవాల్సిన పని ఆఫీసరుకుండదు, అల్లునికి నిలబడేదానికి చోటుండదు అని."

"ఎవురూ ల్యారు అని చెప్తాడా నాయన?"

"చెప్తానన్నాడమ్మా."

అనసూయ లోపలికి పోయింది. ఆస్పత్రికి ఇవ్వాల్సిన దుప్పట్లు మడతపెట్టి మిషను పక్కన పేర్చి ఉన్నాయి. దీపం వెలిగించకుండానే గోడకున్న మేకు నుంచి మంచి చీర తీసుకుంది. కట్టుకుని, జుట్టు దువ్వుకుని, ఓళిగలు గిన్నెలోకి మార్చి, కడిగిన క్యారియరు చేత పట్టుకుని బయటికి వచ్చింది.

"గణపతీ, ప్రొద్దుటూరికి ఆఖరు బస్సు పోయిందా?"

"ఇంగా ల్యాదమ్మా." గణపతి అయోమయంగా చూశాడు. "నువ్వు పోవాల్సింది కడపకు. అదీ రేప్పొద్దున. ఇప్పుడు ప్రొద్దుటూరికి పోతే, ఆయన ఆడనే ఉండాడు."

"ఉండాడనే పోతాండా," అంది అనసూయ, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ. "శుక్రవారం దాకా ఎందుకు? నన్ను పోషిస్తాండానన్న ఆ మాటేదో మా నాయన వసారాలోనే నాతో అనమను ఆయన్ని."

జైబున్నీసా లోపలికి పోయి బురఖా తెచ్చుకుంది. తలుపుకు తాళం వేసింది.